పిల్లలు బల్లిని పెంచుకుందామంటే: బియర్డెడ్ డ్రాగనా, లెపర్డ్ గెకోనా, ఇంకేదైనానా?

కుక్కపిల్ల కావాలని మారాం చేసే పిల్లలకు సర్దిచెప్పడం మనకు అలవాటే. బల్లి కావాలని అడిగితే మాత్రం ఏం చెప్పాలో తోచదు. స్కూల్లో క్లాస్‌రూమ్ పెట్‌గా ఉన్న బియర్డెడ్ డ్రాగన్‌ను చేతిలోకి తీసుకుని వచ్చిన పిల్ల, సాయంత్రం ఇంటికొచ్చి "అమ్మా, మనమూ ఒకటి తెచ్చుకుందామా?" అంటుంది. అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో ఈ కథ ఇలాగే మొదలవుతుంది. పెట్ స్టోర్‌కు వెళ్తే అక్కడ నాలుగు రకాలు (బియర్డెడ్ డ్రాగన్, లెపర్డ్ గెకో, క్రెస్టెడ్ గెకో, బ్లూ టంగ్ స్కింక్) కనిపిస్తాయి, నాలుగూ "బిగినర్స్‌కు మంచివే" అంటారు. ధర దగ్గరదగ్గరగా ఉంటే పిల్లలు దేన్ని చూసి కేరింత కొడితే అదే ఇంటికొస్తుంది.

మా ఇంట్లో ఉన్నది బియర్డెడ్ డ్రాగన్. దానిమీద నాకున్న ఇష్టం ఈ వ్యాసంలో దాగదు. అయినా అడిగిన ప్రతివాళ్లకూ అదే తెచ్చుకోమని చెప్పను. నాలుగింటిలో రోజూ ఎక్కువ పని చెప్పేది అదే. ఎంచుకునేటప్పుడు జంతువు రంగు, ధర చూసే ముందు మీ ఇంటి దినచర్యను చూడండి. ఎవరు ఎన్నింటికి లేస్తారు, కూరగాయలు ఎవరు తరుగుతారు, వేసవిలో ఇండియాకు ఎన్ని వారాలు వెళ్తారు అన్నవాటిని బట్టే దాని బతుకు బాగుంటుందా లేదా అన్నది తేలుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

అది మేలుకునే వేళ. గెకోలు చీకటి పడ్డాక తిరుగుతాయి. ఎనిమిదిన్నరకు పడుకునే ఆరేళ్ల పిల్లాడికి లెపర్డ్ గెకో తెస్తే, వాడు చూసేది ఎక్కువగా ఖాళీ ట్యాంకే. బియర్డెడ్ డ్రాగన్ మనలాగే పగలు మేలుకుని, లైట్ ఆరగానే పడుకుంటుంది.

వేడి, వెలుతురు. వీటి ఒంట్లో వేడి దానంతటది పుట్టదు. తిన్నది అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా బయటి వేడి కావాలి. ట్యాంకులో ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉండాలి. ఎప్పుడు ఎటు వెళ్లాలో అదే చూసుకుంటుంది. దీనికితోడు యూవీబీ వెలుతురు, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం. అది లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారుకాదు. డి3 లేనిదే కాల్షియం ఒంటపట్టదు, ఎముకలు మెత్తబడిపోతాయి. కిటికీ పక్కన పెట్టాం కదా అనుకుంటే కుదరదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

తిండి. బతికున్న పురుగుల్ని ఇంట్లో ఉంచుకోగలరా? శాకాహారుల ఇళ్లలో దీన్ని కొనకముందే మాట్లాడుకోవాలి. క్రికెట్స్ (కీచురాళ్లు) డబ్బా గరాజ్‌లో పెట్టినా అవి రాత్రంతా కీచుమంటూనే ఉంటాయి. వాసనా ఉంటుంది. డుబియా బొద్దింకలు అరవవు, నున్నటి గోడలు ఎక్కలేవు. కానీ బొద్దింకలు కొని తెచ్చి పెంచుతామంటే అత్తగారు ఏమంటారో మీకే తెలియాలి.

ఇంట్లో ఎవరున్నారు. సరీసృపాలు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోయగలవు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఏళ్లుగా చెబుతున్నది ఒకటే: ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు ఉండే ఇంటికి ఇవి తగవు. బియర్డెడ్ డ్రాగన్ల నుంచి పసిపిల్లలకు సాల్మొనెల్లా సోకిన కేసులు అక్కడ నమోదయ్యాయి. పసిపాప ఉన్న ఇల్లయితే ఐదేళ్లు ఆగండి. ఆరు నెలలు ఉండటానికి అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తుంటే, ట్యాంకు ఏ గదిలో ఉండాలి, గిన్నెలు ఎక్కడ కడగాలి (వంటింటి సింకులో మాత్రం కాదు) అన్నది ముందే తేల్చుకోండి.

ఎన్నేళ్లు. ఈ నాలుగింటిలో తక్కువ బతికే బియర్డెడ్ డ్రాగన్ కూడా సరిగ్గా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు ఉంటుంది. పదేళ్ల అబ్బాయి అడిగి తెప్పించుకున్నది, వాడు కాలేజీకి వెళ్లాక మీ దగ్గరే ఉంటుంది.

| | బియర్డెడ్ డ్రాగన్ | లెపర్డ్ గెకో | క్రెస్టెడ్ గెకో | బ్లూ టంగ్ స్కింక్ |
|---|---|---|---|---|
| మెలకువ | పగలంతా | సందె వేళ, రాత్రి | రాత్రి | పగలు, కానీ చాలాసేపు దాక్కుంటుంది |
| పెద్దయ్యాక పొడవు | 45–60 సెం.మీ. | 20–25 సెం.మీ. | సుమారు 20 సెం.మీ. | 45–60 సెం.మీ. |
| ఆయుష్షు | 8–12 ఏళ్లు | 15–20 ఏళ్లు | 15–20 ఏళ్లు | 15–20 ఏళ్లు |
| ట్యాంక్ (అడుగుల్లో) | 4×2×2 | 3×1.5×1.5 | నిలువుగా, 1.5×1.5×2 లేదా ఇంకా ఎత్తు | 4×2×2 |
| వేడి కాచుకునే చోటు | 38–42 డిగ్రీలు | 32–35 డిగ్రీలు | వేరే అక్కర్లేదు, గది 22–26 ఉంటే చాలు | 38–41 డిగ్రీలు |
| గాలిలో తేమ | 30–40 శాతం | 30–40 శాతం, ఒక తడి గూడు | 60–80 శాతం | జాతిని బట్టి |
| బతికున్న పురుగులు | తప్పవు | అవే ఆహారం | పౌడర్‌తో గడుస్తుంది | తప్పనిసరి కాదు |
| రోజువారీ పని | ఎక్కువ | తక్కువ | తక్కువ | మధ్యస్థం |

డిగ్రీలన్నీ సెల్సియస్‌లో. 38–42 అంటే ఫారెన్‌హీట్‌లో దాదాపు 100–108.

## బియర్డెడ్ డ్రాగన్

దీని సొంత ఊరు ఆస్ట్రేలియా నడిమధ్యలోని ఎండు భూములు. మన పెరటి గోడమీద కనిపించే తొండదీ దీనిదీ ఒకే కుటుంబం. ఊళ్లో పెరిగినవాళ్లకు తొండ తల ఎగరేయడం, గొంతు ఎర్రబడటం తెలుసు కాబట్టి దీని ప్రవర్తనలో సగం ముందే అర్థమవుతుంది. ఆస్ట్రేలియా తన అడవి జంతువుల్ని వ్యాపారం కోసం బయటికి పంపనివ్వదు. అందుకే అమెరికాలో దొరికేవి తరతరాలుగా మనుషుల దగ్గర పుట్టి పెరిగినవే. ఇవి ఇంత సాధువుగా ఉండటానికి అదొక కారణం. చేతిమీద, భుజంమీద కదలకుండా కూర్చుంటాయి. పిల్లలు మొదటిసారి పట్టుకోవడానికి ఇంతకంటే అనువైన బల్లి నాకు తెలియదు.

ఖర్చు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పిల్ల డ్రాగన్ వంద డాలర్లలోపే దొరుకుతుంది. ట్యాంకు, యూవీబీ ట్యూబు, హీట్ ల్యాంపు, టైమర్లు, థర్మామీటర్లు కలిస్తే దానికి నాలుగైదు రెట్లు అవుతుంది. స్టోర్లలో "స్టార్టర్ కిట్" పేరుతో అమ్మే చిన్న ట్యాంకు కొద్ది నెలలకే చాలదు. ఏడాది, ఏడాదిన్నరలో డ్రాగన్ పూర్తిగా ఎదుగుతుంది. మొదటే నాలుగడుగులది కొంటే ఒక్కసారితో పోతుంది.

తిండి వయసుతోపాటు తలకిందులవుతుంది. చిన్నప్పుడు ఎక్కువ భాగం పురుగులే, రోజుకు రెండుసార్లు, కాల్షియం పొడి అద్ది. పెద్దయ్యాక ఎక్కువ భాగం ఆకులే, పురుగులు వారానికి రెండు మూడుసార్లు చాలు. ఆవ ఆకు, కొలార్డ్ ఆకులు, డాండెలియన్, తురిమిన గుమ్మడి మంచివి. పాలకూర, తోటకూర మనకు ఎంత మంచివైనా దీనికి రోజూ పెట్టకూడదు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. అవకాడో అసలు వద్దు. వేసవి సాయంత్రాలు పిల్లలు సరదాగా పట్టే మిణుగురులు ట్యాంకు దరిదాపుల్లోకి రాకూడదు. అమెరికా మిణుగురుల్లో ఉండే విషానికి ఒక్క పురుగుతోనే డ్రాగన్ చనిపోవచ్చు.

### దాని ఒంటి భాష

నాలుగింటిలో దీన్నే ఎక్కువమంది ఇష్టపడటానికి అసలు కారణం ఇదే. గెకో మనసులో ఏముందో తెలుసుకోవడం కష్టం, డ్రాగన్ అన్నీ పైకే చెబుతుంది. కాకపోతే మనం తప్పుగా అర్థం చేసుకునే సందర్భాలు చాలా ఉన్నాయి.

పొద్దున లైటు వెలగ్గానే మా డ్రాగన్ గూట్లోంచి మెల్లగా వచ్చి రాయి ఎక్కుతుంది. అప్పుడు దాని వీపు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పక్కటెముకలు వెడల్పు చేసి ఒళ్లంతా రొట్టెలా పరిచి, వీపును ల్యాంపు వైపు వంచుతుంది. ముదురు రంగు వేడిని త్వరగా పీల్చుకుంటుంది. కాసేపటికి ఒళ్లు కాగాక రంగు తేలిపోయి లేత పసుపులోకి వస్తుంది, అప్పుడు నోరు కాస్త తెరుచుకుంటుంది. కొత్తవాళ్లు ఆ తెరిచిన నోరు చూసి ఊపిరాడటం లేదేమో అని టెన్షన్ పడతారు. వేడి చోట కూర్చుని నోరు తెరిస్తే అది ఒంట్లో వేడి వదులుకోవడమే. అదే చల్లటి కొసలో ఉండి నోరు తెరిచినా, ఊపిరిలో చప్పుడు వచ్చినా, మూతి దగ్గర జిగురు కనిపించినా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

గడ్డం నల్లబడటం కోపమో, భయమో, జతకోసం తహతహో, నొప్పో కావచ్చు. ఒక్కసారి నల్లబడి పది నిమిషాల్లో మామూలైతే పట్టించుకోనక్కర్లేదు. రోజంతా నల్లగానే ఉండి తిండి మానేస్తే ఏదో బాధ ఉన్నట్టే. మగవి తల గబగబా ఎగరేయడం తొండల్లాగే, "ఈ చోటు నాది" అని చెప్పడం. ఒక ముందు కాలు ఎత్తి గుండ్రంగా, నెమ్మదిగా తిప్పడం "నీతో నాకు గొడవ లేదు" అనే సంకేతం. పిల్లలు అది హాయ్ చెబుతోందని మురిసిపోతారు. ఒంటరిగా ఉన్న చిన్న డ్రాగన్ పదేపదే అలా చేస్తుంటే మాత్రం, ట్యాంకు అద్దంలో తన నీడనే ఇంకో డ్రాగన్ అనుకుని బెదురుతోందేమో చూడాలి. పక్కలకు, వెనక అట్ట అంటిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

అద్దానికి ఆనుకుని నిలబడి కాళ్లతో గీకుతూ అటూ ఇటూ తిరగడం ఆట కాదు. ట్యాంకు చిన్నదైనా, వేడి ఎక్కువైనా, ఆడది గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నా అలాగే చేస్తుంది. మగ తోడు లేకపోయినా ఆడ డ్రాగన్ గుడ్లు పెట్టగలదు. తవ్వుకోవడానికి తడి మట్టి పెట్టె లేకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

తల నిమిరితే కళ్లు మూసుకోవడాన్ని సుఖం అనుకుంటాం. చాలాసార్లు అది "ఇది ఎప్పుడు అయిపోతుందా" అని ఓర్చుకోవడమే. ఒళ్లు వదులుగా, గడ్డం లేత రంగులో ఉండి, చుట్టూ చూస్తూ ఉంటే నిజంగా నెమ్మదిగా ఉన్నట్టు. ఇంకొకటి: చేతిని పైనుంచి దింపకండి. దాని నడినెత్తిన వెలుతురును పసిగట్టే మూడో కన్ను ఉంటుంది. అడవిలో పైనుంచి వచ్చే నీడ అంటే గద్దే. పక్కనుంచి, కనిపించేలా చెయ్యి పెట్టి ఛాతీ కింద నుంచి ఎత్తాలి.

రెండు డ్రాగన్లు ఒకదానిమీద ఒకటి పడుకున్న ఫొటోలు చూసి "జంటగా పెంచుదాం" అనుకునేవాళ్లుంటారు. పైన ఉన్నది కిందదానికి వేడి, వెలుతురు అందనివ్వకుండా చోటు లాక్కుంటోంది. ఇవి ఒంటరి జీవులు. ఒక ట్యాంకులో ఒకటే.

చలికాలంలో పెద్ద డ్రాగన్లు కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు మగతగా ఒక మూల పడి ఉంటాయి. దాన్ని బ్రూమేషన్ అంటారు. నవంబర్‌లో తిండి మానేసి నిద్రపోతుంటే అదా, రోగమా అన్నది బయటికి తెలియదు. ఆ కాలానికి ముందే మలం పరీక్ష చేయించి కడుపులో పురుగులు లేవని తేల్చుకోవాలి. వంటింటి త్రాసులాంటిది ఒకటి దీనికోసం విడిగా కొని వారానికోసారి తూచండి. బ్రూమేషన్‌లో బరువు పెద్దగా తగ్గదు. గబగబా తగ్గితే, లేదా ఏడాది నిండని పిల్ల అలా పడి ఉంటే డాక్టర్ దగ్గరికే.

దీనికి తెలివి లేదనుకోకండి. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక డ్రాగన్‌కు జారే తలుపు తెరవడం నేర్పి, అది మిగతావాటికి చూపించారు. చూసినవి దాన్ని అనుకరించి తెరిచాయి. మా ఇంట్లోనూ ఆకుల గిన్నె తెచ్చేవాళ్లను చూస్తే ముందుకు వస్తుంది. గోళ్లు కత్తిరించేవాళ్లను చూస్తే వెనక్కి తగ్గుతుంది.

## లెపర్డ్ గెకో

మీరు సాయంత్రం ఏడు తర్వాతే ఇంట్లో ఉండేవాళ్లయితే, పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే, నా ఓటు దీనికి. ఇది పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, వాయవ్య భారతం రాతినేలల జీవి. దీని దగ్గరి చుట్టం మన నేలమీదా ఉంది. యూబ్లెఫారిస్ పిక్టస్ అనే కొత్త జాతిని 2022లో విశాఖపట్నం వైపు తూర్పు కనుమల నుంచి శాస్త్రజ్ఞులు వర్ణించారు. మామూలు గోడ బల్లికీ దీనికీ రెండు తేడాలున్నాయి: దీనికి రెప్పలు ఉంటాయి, గోడకు అతుక్కునే పాదాలు ఉండవు. గోడలెక్కదు కాబట్టి తప్పించుకోవడం తక్కువ.

చిన్న ట్యాంకు, తక్కువ వేడి, పెద్దదైతే రెండు మూడు రోజులకోసారి తిండి. ఆకులు తరిగే పని లేదు. లావాటి తోకలో కొవ్వు దాచుకుంటుంది, తోక చూస్తేనే ఆరోగ్యం తెలుస్తుంది. తోక మెడకంటే సన్నబడిందంటే ఏదో జరిగింది. కుబుసం విడవడానికి తడి నాచు ఉన్న గూడు తప్పక ఉండాలి. లేకపోతే వేళ్ల చుట్టూ పాత చర్మం ఉంగరంలా బిగుసుకుని వేలు ఊడిపోతుంది. యూవీబీ అక్కర్లేదని ఇదివరకు అనేవాళ్లు. తక్కువ శక్తి ఉన్న ట్యూబు పెడితే మేలని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు.

ప్రవర్తనలో చూడదగ్గది వేట. తోక కొస సన్నగా వణికిస్తూ, పిల్లిలా ఒళ్లు దించి, ఒక్క దూకు. భయపడితే తోక వదిలేస్తుంది. మళ్లీ వస్తుంది కానీ పాత తోకలా నున్నగా ఉండదు. అందుకే గట్టిగా పట్టుకునే చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు.

రంగుల మోజులో పడకండి. లెమన్ ఫ్రాస్ట్ అనే రంగు రకానికి చర్మంలో కణితులు వచ్చే గుణం జన్యువుల్లోనే ఉంది. ఎనిగ్మా రకానికి తల తిరిగే నరాల జబ్బు ఉంటుంది. డ్రాగన్లలోనూ పొలుసులు లేని సిల్క్‌బ్యాక్ రకం చర్మం త్వరగా ఎండి, కాలి దెబ్బతింటుంది. అమ్మేవాళ్లు వీటిని అరుదైనవని ఎక్కువ ధరకు అమ్ముతారు. బాధ పడేది ఆ జీవి.

## క్రెస్టెడ్ గెకో

న్యూ కాలెడోనియా దీవులది. అంతరించిపోయిందనుకున్న ఈ జాతి 1994లో మళ్లీ కనిపించింది. పురుగులు ఇంట్లోకి రాకూడదనే ఇంటికి ఇదే దారి. పండ్ల రుచితో వచ్చే పౌడరును నీళ్లలో కలిపి చిన్న గిన్నెలో పెడితే సరిపోతుంది (ఆ పౌడరులో పురుగుల ప్రొటీన్ ఉండొచ్చు, పూర్తి శాకాహారం కావాలనుకునేవాళ్లు డబ్బామీద చదవండి). రోజూ సాయంత్రం ట్యాంకులో నీళ్లు చల్లాలి.

దీనికున్న ఒకే పెద్ద ఇబ్బంది వేడి. 28 డిగ్రీలు దాటి కొన్ని గంటలు ఉంటే చనిపోవచ్చు. టెక్సాస్‌లోనో అరిజోనాలోనో జూలైలో ఏసీ చెడిపోతే ముందు కాపాడుకోవాల్సింది దీన్నే. హైదరాబాద్, విజయవాడల్లో దీని ఊసే వద్దు. చేతిలోంచి దూకుతుంది, తోక ఊడితే మళ్లీ రాదు. చూసి ఆనందించే జంతువే కానీ ఒళ్లో కూర్చోబెట్టుకునేది కాదు.

## బ్లూ టంగ్ స్కింక్

పొట్టి కాళ్లు, లావాటి ఒళ్లు, బెదిరితే బయటపెట్టే నీలి నాలుక. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. డ్రాగన్ అంత పెద్దదే, అంత సాధువే, పైగా క్రికెట్స్ లేకుండా పెంచవచ్చు. మంచి రకం డబ్బా కుక్కతిండి, ఆకులు, కూరగాయలు కలిపి పెడతారు, పెద్దదానికి వారానికి రెండు మూడుసార్లు చాలు. అయితే కొనుగోలు ధర డ్రాగన్‌కు కొన్ని రెట్లు. ఇండోనేషియా నుంచి వచ్చే రకాల్లో అడవిలో పట్టినవి ఉంటాయి. అవి ఒంటినిండా పరాన్నజీవులతో, బెదురుతో వస్తాయి. ఎక్కడ పుట్టిందో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి. పెద్దవాళ్లు తమకోసం పెంచుకోవడానికి ఇది చాలా మంచిది. పిల్లల మొదటి బల్లిగా నేను చెప్పను. మట్టిలో దూరి గంటలు గంటలు కనిపించదు. కరిస్తే పట్టు గట్టిది.

## డ్రాగనే అనుకుంటే ఇంకో మూడు నిర్ణయాలు

పిల్లా, పెద్దదా? పెద్దదే తెచ్చుకోండి. అరచేతిలో పట్టే పిల్ల ముద్దొస్తుంది కానీ రోజూ రెండు పూటలా పురుగులు, త్వరగా నీరసించే ఒళ్లు, ఆడో మగో తెలియని పరిస్థితి. రెండు మూడేళ్ల డ్రాగన్ గుణం ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, తిండి ఖర్చు తక్కువ, పిల్లల చేతికి నిబ్బరంగా ఉంటుంది. కాలేజీకి వెళ్లే పిల్లలు వదిలేసినవి, ఇల్లు మారుతూ ఇచ్చేసినవి రెస్క్యూ సంస్థల దగ్గర ఉంటాయి, చాలాసార్లు ట్యాంకుతో సహా ఇస్తారు. స్టోర్‌లోనే కొనాల్సి వస్తే, ఒకే ట్యాంకులో గుంపుగా ఉన్నవాటి వేళ్లు, తోక కొసలు చూడండి. ఒకదాన్నొకటి కొరుక్కుని పోయి ఉంటాయి. కళ్లు చురుగ్గా, కాళ్లు తిన్నగా, వేళ్లు వణకకుండా, తలమీద గుంటలు పడకుండా, మలద్వారం శుభ్రంగా ఉండాలి. వణుకు ఎముకల జబ్బుకు గుర్తు.

ఏ లైటు? చుట్టలా ఉండే చిన్న యూవీబీ బల్బు చవక, కానీ దాని వెలుతురు జానెడు దూరమే. పొడవాటి టీ5 హెచ్‌ఓ (సన్నటి, ఎక్కువ వెలుతురిచ్చే) ట్యూబు, డబ్బామీద యూవీబీ 10 నుంచి 14 శాతం అని ఉండే రకం, ట్యాంకులో సగానికి పైగా పరుచుకునేలా పెట్టాలి. మర్క్యూరీ వేపర్ బల్బు వేడి, యూవీబీ రెండూ ఇస్తుంది కానీ వేడిని తగ్గించుకునే వీలు ఉండదు కాబట్టి నాకు నచ్చదు. ట్యూబు వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది, అది కంటికి తెలియదు. ఏడాదికోసారి మార్చే తేదీని ట్యూబు మీదే మార్కర్‌తో రాసుకోండి. ట్యాంకు పైనున్న జాలీ మూడో వంతు దాకా యూవీబీని తినేస్తుంది, దూరం లెక్కేసేటప్పుడు అది గుర్తుండాలి. వేడిని అతికించే డయల్ మీటరుతో కాకుండా ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్‌తో రాయి మీదే కొలవండి. వేడెక్కే రాళ్లని అమ్ముతారు, అవి పొట్ట కాలుస్తాయి.

నేలమీద ఏం పరచాలి? పిల్లయితే పేపర్ టవల్. పెద్దదైతే గరుకు టైల్స్ తేలిక, గోళ్లు కూడా అరుగుతాయి. మట్టి, ఇసుక కలిపి గట్టిగా అదిమిన నేల తవ్వుకోవడానికి బాగుంటుంది, శుభ్రం చేసే ఓపిక ఉన్నవాళ్లకు. స్టోర్లో రంగురంగుల "కాల్షియం ఇసుక" మాత్రం కొనకండి. మింగితే పేగుల్లో గట్టిపడుతుంది.

## మీ ఇల్లు ఎలాంటిదైతే

*ఏటా నాలుగైదు వారాలు ఇండియా వెళ్లేవాళ్లు:* గెకోలు మేలు. రోజు విడిచి రోజు వచ్చి చూసే స్నేహితులు చాలు. డ్రాగన్ ఉంటే రోజూ ఆకులు పెట్టే మనిషి లేదా బోర్డింగ్ కావాలి. టికెట్ ఖర్చుతోపాటు దాన్నీ లెక్క వేసుకోండి.

*అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లు:* లీజులో సరీసృపాల గురించి ఏముందో చదవండి. రాష్ట్రం చట్టం కూడా. హవాయిలో ఇలాంటి బల్లుల్ని పెంచడానికి వీల్లేదు. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో డ్రాగన్‌కు లైసెన్సు తీసుకోవాలి, మెల్‌బోర్న్, సిడ్నీ తెలుగువాళ్లు ముందు రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైటు చూడండి.

*తరచూ ఊళ్లు తిరిగే ఉద్యోగం, ఒంటరిగా ఉండేవాళ్లు:* లెపర్డ్ గెకో.

*ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, పగలు ఇంట్లో ఒకరు ఉండే కుటుంబం:* పెద్ద వయసు బియర్డెడ్ డ్రాగన్. ఆకులు తరగడం, పేడ తీయడం, తూచి పుస్తకంలో రాయడం పిల్లలు చేయగలరు. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం, మూతి దగ్గరికి తీసుకుని ముద్దులు పెట్టకపోవడం రోజూ పెద్దవాళ్లు చూసుకోవాలి.

*ఆంధ్రలో, తెలంగాణలో ఉన్నవాళ్లు:* నేను వద్దనే అంటాను. మే నెలలో హైదరాబాద్ గదిలో చల్లటి కొస ఉండదు, కరెంటు పోతే ఏసీ కూడా ఉండదు. కోస్తాలో తేమ డ్రాగన్ ఊపిరితిత్తులకు పడదు. బల్లుల వైద్యం తెలిసిన డాక్టర్ దొరకడం కష్టం. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. దాని నాలుగో షెడ్యూలులోని విదేశీ జాతుల్ని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. "విదేశీది కాబట్టి ఏ కాగితమూ అక్కర్లేదు" అనే అమ్మకందారు మాట నమ్మవద్దు. ఉడుము, నక్షత్ర తాబేలు లాంటి మన జీవుల్ని ఇంట్లో పెట్టుకోవడం మొదటి షెడ్యూలు కింద నేరం.

నిర్ణయం అయిపోయాక, జంతువును తేవడానికి కనీసం వారం ముందే ట్యాంకు సిద్ధం చేసి లైట్లు టైమర్ మీద నడిపించండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు చోట్ల వేడి కొలిచి కాగితంమీద రాసుకోండి. మీ ఊళ్లో సరీసృపాల్ని చూసే డాక్టర్ ఎవరో కనుక్కుని, తెచ్చిన మొదటి వారాల్లోనే మలం పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకోండి. కొత్త చోట మొదటి వారం అది సరిగ్గా తినకపోవచ్చు, గడ్డం నల్లగా ఉండొచ్చు. ఆ వారం చేతిలోకి తీయకుండా, ట్యాంకు పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకోమని పిల్లలకు చెప్పండి. మనుషుల అలికిడికి అది ఆ వారంలోనే అలవాటు పడటం మొదలుపెడుతుంది.